వీసా ముందా? క్లాసు ముందా?

అమెరికాలో తొలి సెమిస్టర్ క్లాసులకు ఎప్పుడు రిజిస్టర్ కావాలి? చూడ్డానికి ఒక్క క్లిక్కే. కానీ ఆ క్లిక్కు వెనక లక్షల ఫీజు, వీసా నిబంధనలు, రెండేళ్ల చదువు లెక్కా ఉన్నాయి. ఏటా వేసవిలో తెలుగు ఇళ్లను తొలిచేసే ప్రశ్న ఇది.

సాయంత్రం ఆరు ఇరవై ఎనిమిది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో ఓ లేడీస్ హాస్టల్. మూడో అంతస్తు గదిలో మంచం మీద ల్యాప్‌టాప్, పక్కన రెండు ఫోన్లు. హాస్టల్ వైఫైని నమ్మలేక ఒక ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి పెట్టుకుంది ఆ అమ్మాయి. రెండో ఫోన్లో వాట్సాప్ గ్రూపు మోగుతూనే ఉంది. ఒళ్లో పాత జిరాక్స్ కాగితం. దాని వెనక పెన్నుతో రాసుకున్న నాలుగు నంబర్లు, ఒక్కోటీ ఐదంకెలది. ఒక్కో నంబరు ఒక్కో క్లాసు. ఇక్కడ ఆరున్నర అయితే టెక్సస్‌లో ఉదయం ఎనిమిది. ఎనిమిదింటికి రిజిస్ట్రేషన్ తెరుచుకుంటుంది.

తెరుచుకుంది. నంబర్లు కొట్టి సబ్మిట్ నొక్కింది. తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. రెండు క్లాసులకు టిక్కు పడింది. మూడోదానికి 'క్లోజ్డ్'. నాలుగోదానికి వెయిట్‌లిస్టు, ముందు పదకొండు మంది. ఆ పదకొండు మంది ఎవరో, ఎప్పుడు దూరారో అనుకునేలోపే ఊరి నుంచి నాన్న ఫోను. "వీసా ఇంటర్వ్యూనే కాలేదు కదమ్మా, అప్పుడే క్లాసులేంటి? రేపు వీసా రాకపోతే ఆ డబ్బు వెనక్కిస్తారా?"

ఊరు మారుతుంది, యూనివర్సిటీ మారుతుంది. జూన్, జులై నెలల్లో ఈ దృశ్యం మాత్రం మారదు. నాన్న అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. అయితే దానికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పే జవాబూ లేదు.

ఆ ఇరవై రెండు రోజులు

2025 వేసవి తర్వాత ఈ ప్రశ్నకు పదును పెరిగింది. ఆ ఏడాది మే 27న, విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఇవ్వడం ఆపాలని అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులేట్లన్నిటికీ చెప్పింది. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది, సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా ఉంచాలన్న షరతుతో. మధ్యలో పోయింది ఇరవై రెండు రోజులే. కానీ అవి ఫాల్ సెమిస్టర్‌కు బయల్దేరేవాళ్లు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాటు పట్టుకోవాల్సిన రోజులు. ఆ ఆగస్టులో భారత్ నుంచి అమెరికా చేరిన విద్యార్థుల సంఖ్య అంతకుముందు ఆగస్టుతో పోలిస్తే దాదాపు 44 శాతం తగ్గింది.

తెలుగువాళ్లకు ఇది పక్కింటి వార్త కాదు. 'ఓపెన్ డోర్స్' నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత చైనాను దాటి మనం మొదటి స్థానానికి వెళ్లింది ఆ ఏడాదే. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 3,63,019కి చేరింది. అమెరికా వెళ్తున్న భారతీయ విద్యార్థుల్లో సగానికి పైగా తెలుగు రాష్ట్రాల నుంచేనని హైదరాబాద్ కాన్సులేట్ అధికారులు 2024లో చెప్పారు.

వీరిలో ఎక్కువమందికి క్లాసులు ఎంచుకోవడమే కొత్త. ఎంసెట్ రాసి, వెబ్ ఆప్షన్లు పెట్టి, సీటు ఫ్రీజ్ చేసుకున్న రోజుతో ఇక్కడ పిల్లల ఎంపిక ముగిసిపోతుంది. ఆ తర్వాత ఏ సబ్జెక్టు ఎప్పుడో, ఏ పీరియడ్‌కి ఎవరు వస్తారో అంతా కాలేజీ గోడ మీది టైమ్‌టేబుల్ చూసుకుంటుంది. నాలుగేళ్లు అలా చదివిన వాళ్ల చేతిలో అమెరికా యూనివర్సిటీ వందల క్లాసుల జాబితా పెట్టి, నీ టైమ్‌టేబుల్ నువ్వే కట్టుకో అంటుంది. అదీ ప్రొఫెసర్ల ముఖం కూడా చూడకముందే.

చివర వచ్చినవాళ్లకు మిగిలినవి

సీట్లు అంత త్వరగా ఎలా నిండిపోతాయి? సంక్రాంతికి గోదావరి ఎక్స్‌ప్రెస్ తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నవాళ్లకు ఆ ఉక్కిరిబిక్కిరి కొత్త కాదు. కాకపోతే తత్కాల్‌లో అందరికీ తలుపు ఒకేసారి తెరుస్తారు. ఇక్కడ అలా కాదు.

ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కు చాలా యూనివర్సిటీల్లో రిజిస్ట్రేషన్ ఏప్రిల్‌లోనే మొదలవుతుంది, అప్పటికే చదువుతున్నవాళ్లకు. వాళ్లలోనూ వరస ఉంటుంది. వికలాంగ విద్యార్థులు, క్రీడాకారులు, మాజీ సైనికులు, హానర్స్ విద్యార్థులు ముందు. తర్వాత ఎక్కువ క్రెడిట్లు పూర్తిచేసినవాళ్లు. డిగ్రీ పూర్తికావడానికి ఒక్క సబ్జెక్టు మిగిలిన విద్యార్థికి ఆ సీటు దొరక్కపోతే ఇంకో సెమిస్టర్ కూర్చోవాల్సి వస్తుంది కాబట్టి ఈ వరసకు న్యాయం ఉంది. కానీ దీని ఫలితం, అందరికంటే దూరం నుంచి, అందరికంటే తక్కువ సమాచారంతో వచ్చే కొత్త విద్యార్థి అందరికంటే చివర నిలబడటం. పేరున్న మెషీన్ లెర్నింగ్ క్లాసు ఏప్రిల్‌లోనే నిండిపోతే జులైలో వచ్చినవాళ్లకు కనిపించేది 'క్లోజ్డ్' అన్న మాటే.

అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లల పరిస్థితిలోనూ పెద్ద తేడా లేదు. డిగ్రీలో చేరే ఫ్రెష్‌మన్ విద్యార్థులు సాధారణంగా వేసవి ఓరియెంటేషన్‌లో రిజిస్టర్ అవుతారు. జూన్ మొదటి విడతకు వెళ్లాలా, ఆగస్టు చివరి విడతకా అన్నదే డాలస్ శివార్లలోనో, బే ఏరియాలోనో ఉన్న తెలుగు ఇళ్లలో భోజనాల దగ్గర చర్చ. ముందు వెళ్తే కోరుకున్న క్లాసులు దొరుకుతాయి. కానీ హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల ఫలితాలు వచ్చేది జులైలో. కాలిక్యులస్‌లో మంచి స్కోరు వస్తే మొదటి కోర్సు దాటేయొచ్చు, రాకపోతే అదే చదవాలి. ఏది వస్తుందో తెలియకుండా జూన్‌లో ఏ క్లాసు పట్టుకోవాలి? ఈ ఇబ్బంది తెలిసే చాలా యూనివర్సిటీలు సీట్లన్నీ మొదటి విడతకే వదలవు. ప్రతి ఓరియెంటేషన్‌కూ కొన్ని దాచి విడుదల చేస్తాయి.

చివరికి మిగిలేవి తరచూ పొద్దుపొద్దున్నే మొదలయ్యే క్లాసులే. అది నిద్ర చెడే బాధ మాత్రమే కాదు. క్లాసుల కేటాయింపు విద్యార్థుల చేతిలో లేని అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఆర్థికవేత్తలు జరిపిన పరిశీలన 2011లో వెలువడింది. ఉదయం ఎనిమిది లోపు మొదలయ్యే పీరియడ్ పడిన తొలి ఏడాది విద్యార్థులు ఆ క్లాసులోనే కాదు, ఆ రోజు మిగతా క్లాసుల్లోనూ వెనకబడ్డారని అది తేల్చింది.

ఇంతకీ ఈ బాధ కంప్యూటర్‌తో వచ్చింది కాదు. ఒకప్పుడు ఇదే పని యూనివర్సిటీ జిమ్నాజియంలో జరిగేది. బల్లల మీద శాఖలవారీగా పంచ్ కార్డుల కట్టలు, వాటి ముందు విద్యార్థుల బారులు. కట్టలో కార్డు అయిపోతే క్లాసు నిండినట్టే. 1964లో బర్క్‌లీ విద్యార్థులు వాక్‌స్వాతంత్ర్య ఉద్యమం నడిపినప్పుడు, మమ్మల్ని మనుషుల్లా కాక కార్డుల్లా చూస్తున్నారంటూ ఆ పంచ్ కార్డులనే నిరసనకు గుర్తుగా వాడుకున్నారు.

> మన గడియారంలో వాళ్ల ఎనిమిది గంటలు
>
> వేసవిలో న్యూయార్క్, న్యూజెర్సీ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. డాలస్, షికాగో పదిన్నర. డెన్వర్ పదకొండున్నర. కాలిఫోర్నియా పన్నెండున్నర.
>
> నవంబర్ తొలి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా వీటన్నిటికీ ఇంకో గంట కలపాలి. జనవరి బ్యాచ్ వాళ్లు పొరబడేది ఇక్కడే.
>
> అరిజోనాలో ఎక్కువ భాగం గడియారం మార్చుకోదు. అక్కడ ఏడాదంతా తేడా పన్నెండున్నర గంటలే.
>
> 'అర్ధరాత్రి 12కి తెరుస్తాం' అని టెక్సస్ యూనివర్సిటీ రాస్తే హైదరాబాద్‌లో అది వేసవి ఉదయం పదిన్నర. రాత్రంతా మేలుకునే పని లేదు.

హోల్డ్ పడిందంటే అంతే

రిజిస్ట్రేషన్ తెరిచిన రోజున చాలామందిని ఆపేది సీట్లు లేకపోవడం కాదు. పోర్టల్లో ఎర్రగా కనిపించే 'హోల్డ్'. అది తీయించుకోనంత వరకు ఏ బటన్ నొక్కినా పనిచేయదు. హోల్డుల్లో తెలుగు విద్యార్థులను ఎక్కువ తిప్పలు పెట్టేది టీకాలది.

చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ టీకా రెండు డోసులు వేయించుకున్నట్టు కాగితం అడుగుతాయి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసేది అది. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఉన్నది తట్టు, రుబెల్లా టీకానే. గవదబిళ్లలది అందులో లేదు. పైగా ఇరవై రెండేళ్ల నాటి టీకా కార్డు ఏ ఇంట్లో భద్రంగా ఉంటుంది? అమ్మకు గుర్తున్నా, అమ్మ జ్ఞాపకాన్ని యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఒప్పుకోదు. అలాంటప్పుడు మళ్లీ వేయించుకోవాలి. రెండు డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. జులై 20న మొదటి డోసు వేయించుకున్నవాళ్లకు రెండోది ఆగస్టు 17 దాకా కుదరదు. రోగనిరోధక శక్తి ఇప్పటికే ఉందని చూపే రక్తపరీక్ష ఫలితాన్ని చాలాచోట్ల బదులుగా ఒప్పుకుంటారు.

క్షయ పరీక్షది ఇంకో కథ. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనవాళ్లకు చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అందుకే రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష మేలు. డయాగ్నస్టిక్ సెంటర్‌కు వెళ్లేముందే ఏది కావాలో యూనివర్సిటీ ఫారం చూసి చెప్పాలి. టెక్సస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులకు మెనింజైటిస్ టీకా చట్టప్రకారమే తప్పనిసరి. అది కూడా సెమిస్టర్ మొదలవడానికి కనీసం పది రోజుల ముందు.

ఇక ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో. ఆఖరి సెమిస్టర్ ఫలితాలు జూన్ దాటాక వచ్చిన బ్యాచ్‌లకు ఇది తలనొప్పి. తుది ట్రాన్‌స్క్రిప్టు అందేదాకా కొన్ని యూనివర్సిటీలు తొలి సెమిస్టర్‌కు అనుమతించి రెండో సెమిస్టర్‌కు ఆపుతాయి, కొన్ని మొదట్లోనే ఆపుతాయి. మీ యూనివర్సిటీ ఏ రకమో పక్కింటి అబ్బాయిని కాక గ్రాడ్యుయేట్ ఆఫీసును అడగాలి. మే నెలలో పోర్టల్ తెరిచి హోల్డుల పేజీ చూసినవాళ్లకు జులైలో పరుగు ఉండదు. కన్సల్టెన్సీ వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం ఇప్పించి చేతులు దులుపుకుంటుంది. ఈ పేజీ ఒకటుందని చెప్పేవాళ్లు తక్కువ.

నాన్న ప్రశ్నకు జవాబు

వీసా రాకముందే రిజిస్టర్ కావచ్చా? చాలా యూనివర్సిటీలు కావచ్చంటాయి. కొన్ని మాత్రం వచ్చి, ఇంటర్నేషనల్ ఆఫీసులో చెక్-ఇన్ అయ్యాకే అంటాయి. కావచ్చన్నచోట రిజిస్టర్ కావడమే మంచిది. ఎందుకంటే రిజిస్ట్రేషన్ రోజే డబ్బు కట్టించుకునే చోట్లు తక్కువ. క్లిక్ చేస్తే బిల్లు తయారవుతుంది, చెల్లించే గడువు వేరే ఉంటుంది. విద్యారుణం తీసుకున్నవాళ్లకు ఆ బిల్లే అవసరం కూడా. ఫీజు ఎంతో తేలనిదే బ్యాంకు ఎంత పంపాలి? సాధారణంగా బ్యాంకు డబ్బు పంపేది వీసా స్టాంపింగ్ అయ్యాకే.

జాగ్రత్త పడాల్సింది రెండోవైపు. వీసా రాలేదు, ప్రయాణం ఆగిపోయింది, ఆ దుఃఖంలో పోర్టల్ సంగతి మరిచిపోయారు అనుకుందాం. మనం వెళ్లకపోతే వాళ్లే పేరు తీసేస్తారు అనుకోవడం పెద్ద పొరపాటు. కొన్ని యూనివర్సిటీలు తీసేస్తాయి. కొన్నిచోట్ల క్లాసుకు రాని విద్యార్థి పేరు మీద కూడా ఫీజు బాకీ అలాగే నిలుస్తుంది. మళ్లీ జనవరికి అదే యూనివర్సిటీలో చేరాలనుకుంటే ఆ బాకీయే కొత్త హోల్డు. కాబట్టి రిజిస్టర్ అయిన రోజే, తొలి క్లాసు రోజుకు ముందు డ్రాప్ చేయాల్సిన ఆఖరి తేదీని క్యాలెండర్లో రాసుకోవాలి. నాన్నకూ ఆ తేదీ చెప్పాలి. అడ్మిషన్ ఖాయం చేసుకోవడానికి మొదట్లో కట్టిన డిపాజిట్ మాత్రం వేరు, చాలాచోట్ల అది వెనక్కి రాదు.

> టెక్సస్ ప్రభుత్వ వర్సిటీల్లో ఎంత వెనక్కి?
>
> ఫాల్, స్ప్రింగ్ సెమిస్టర్లలో అన్ని క్లాసులూ వదిలేసి పూర్తిగా వెళ్లిపోయేవారికి రాష్ట్ర చట్టం చెప్పే లెక్క ఇది.
>
> తొలి క్లాసు రోజుకు ముందే అయితే 100 శాతం. మొదటి ఐదు క్లాసు రోజుల్లో 80. రెండో ఐదు రోజుల్లో 70. మూడో ఐదు రోజుల్లో 50. నాలుగో ఐదు రోజుల్లో 25. ఆపైన సున్నా.
>
> చదువు కొనసాగిస్తూ ఒక్క క్లాసు మాత్రమే వదిలేసేవారికి పన్నెండో క్లాసు రోజు వరకు గడువు.
>
> ప్రైవేటు వర్సిటీలకు, మిగతా రాష్ట్రాలకు లెక్కలు వేరు.

వీసా ఆలస్యమైనవాళ్లకు ఇంకో సందేహం. పది రోజులు లేటుగా వెళ్లి చేరాలా, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కు డిఫర్ చేసుకోవాలా? లేటుగా చేరేవారికి ప్రతి యూనివర్సిటీ ఒక ఆఖరి తేదీ పెడుతుంది. దానికి ముందు చేరినా రెండు వారాల పాఠాలు, తొలి అసైన్‌మెంటు పోయినట్టే. అలాగని జనవరి సుఖమూ కాదు. కొన్ని ముఖ్యమైన కోర్సులు ఫాల్‌లోనే చెబుతారు. స్ప్రింగ్‌లో చేరితే వాటికోసం ఆగస్టు దాకా ఆగాలి. డిఫర్ చేసుకునేముందు అడ్వైజర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నాకు కావాల్సిన కోర్ కోర్సులు జనవరిలో ఉన్నాయా?

మరీ ముందు వెళ్లిపోవడమూ కుదరదు. 2023 నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాను ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీకి 365 రోజుల ముందే ఇవ్వగలుగుతున్నారు. కానీ కొత్త విద్యార్థిని దేశంలోకి రానిచ్చేది 30 రోజుల ముందు నుంచే. చేరాక, ప్రోగ్రామ్ మొదలైన 30 రోజుల్లోపు యూనివర్సిటీ అధికారి ఆ విద్యార్థి వచ్చి చదువుతున్నట్టు సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయాలి. ఆ నమోదు జరగాలంటే విద్యార్థి పేరు మీద సరిపడా క్లాసులు ఉండి తీరాలి.

తొమ్మిది క్రెడిట్లు, ఒక్క ఆన్‌లైన్

సరిపడా అంటే? డిగ్రీ విద్యార్థులకు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు. ఎంఎస్ వాళ్లకు ఎంతో యూనివర్సిటీయే నిర్ణయిస్తుంది. ఎక్కువచోట్ల అది తొమ్మిది, అంటే మూడు క్లాసులు. అందులో ఒక్క ఆన్‌లైన్ క్లాసును, మూడు క్రెడిట్ల వరకే లెక్కలోకి తీసుకుంటారు. ముందు దొరికినవి పట్టేసుకుందామని రెండు ఆన్‌లైన్ క్లాసులు బుక్ చేసుకున్న విద్యార్థి, తొమ్మిది క్రెడిట్లు ఉన్నా నిబంధన తప్పినట్టే.

2020లో ఈ నిబంధన ఎంత గుబులు రేపిందో అప్పట్లో అక్కడున్నవాళ్లు మరిచిపోలేదు. కోవిడ్‌తో క్లాసులన్నీ ఆన్‌లైన్‌కు మారిన ఆ జులై 6న, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దేశం విడిచి వెళ్లాలని ఇమిగ్రేషన్ అధికారులు ప్రకటించారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. జులై 14న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ ఎనిమిది రోజులూ ఒక్క ముఖాముఖి క్లాసు ఎక్కడ దొరుకుతుందా అని విద్యార్థులు గాలించారు.

ఇక ఏ క్లాసులు? వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లను అడిగేది ఒకటే: ఏ ప్రొఫెసర్ ఈజీగా గ్రేడ్ ఇస్తాడు? అడగడంలో తప్పులేదు గానీ, తొలి సెమిస్టర్‌లో అంతకంటే ముఖ్యమైనది కోర్సుల గొలుసు. అల్గారిదమ్స్ చదివితేనే తర్వాతి కోర్సు, అది చదివితేనే ఆపై కోర్సు. మొదటి లింకు తొలి సెమిస్టర్‌లో పడకపోతే మిగతావన్నీ ఒక్కో సెమిస్టర్ వెనక్కి జరుగుతాయి. మే నెలలో రావాల్సిన డిగ్రీ డిసెంబర్‌కు పోతుంది, ఆర్నెల్ల అద్దె అదనం. మెకానికల్, సివిల్ చదివి కంప్యూటర్స్ ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు పునాది కోర్సులు కూడా ముందు పెడతారు కాబట్టి వాళ్లకు ఈ చిక్కు రెట్టింపు. పర్డ్యూ యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ వివరాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు, ఒకసారి సీటు దొరకని కోర్సును ఆ తర్వాత కూడా తీసుకోనివాళ్లు ఎక్కువని గమనించారు. వచ్చే సెమిస్టర్ చూద్దాంలే అనుకున్నది అలాగే పోతుందన్నమాట.

భారం మోయలేకపోతే? మన పిల్లల్లో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఇబ్బంది, అమెరికా బోధన పద్ధతి కొత్త కావడం, స్థాయికి మించిన కోర్సులో పడటం వంటి కారణాలు చూపి, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) అనుమతితో క్లాసులు తగ్గించుకోవచ్చు. పూర్తి భారంలో కనీసం సగం మాత్రం ఉండాలి. అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. ఈ వరస తిరగబడితే వీసా స్టేటస్‌కే ముప్పు. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి క్లాసు డ్రాప్ చేసేవాళ్లు పడేది ఈ గోతిలోనే.

క్లాసులే లేని రిజిస్ట్రేషన్

రిజిస్ట్రేషన్ గురించి రాస్తూ తెలుగు పత్రిక రెండు పేర్లు దాటేయలేదు. కాలిఫోర్నియా ప్లెజంటన్‌లోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై 2011 జనవరిలో అధికారులు దాడి చేశారు. అక్కడ వెయ్యి మందికి పైగా విద్యార్థులు కాగితాల మీద రిజిస్టర్ అయ్యారు, ఎక్కువమంది మనవాళ్లే. సగానికి పైగా విద్యార్థులు సనీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌ను తమ చిరునామాగా చూపారు. కొందరి కాళ్లకు అధికారులు ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టినప్పుడు ఇక్కడ పెద్ద దుమారం రేగింది. యూనివర్సిటీ నడిపిన మహిళకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

రెండోది ఫార్మింగ్టన్. మిషిగన్‌లోని ఆ యూనివర్సిటీకి ప్రొఫెసర్లు లేరు, పాఠాలు లేవు. ఎందుకంటే దాన్ని పెట్టిందే అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. చదవకుండా స్టేటస్ నిలుపుకుని ఉద్యోగం చేసుకోవాలనుకునేవాళ్లను, వాళ్లను చేర్పించే దళారులను పట్టుకోవడానికి వేసిన వల అది. 2019 జనవరిలో బయటపడింది. దళారులుగా కేసు పెట్టిన ఎనిమిది మందీ, చేరిన వందల మందిలో ఎక్కువ శాతమూ తెలుగువాళ్లే. నకిలీ యూనివర్సిటీని ప్రభుత్వమే నడపడం ఎంతవరకు న్యాయమన్న వాదన అప్పుడూ నడిచింది, ఆ వాదనలో పస ఉంది. కానీ క్లాసుల జాబితా అడగకుండా ఫీజు కట్టినవాళ్ల అమాయకత్వాన్ని పూర్తిగా నమ్మడమూ కష్టమే. పోర్టల్లో నాలుగు నంబర్లతో, వెయిట్‌లిస్టులతో తిప్పలు పడే విద్యార్థి కనీసం అసలైన చోట ఉన్నాడు.

> అమెరికన్లూ సతమతమే
>
> యేల్, హార్వర్డ్ యూనివర్సిటీల్లో సెమిస్టర్ మొదట్లో నచ్చిన క్లాసులన్నిట్లో కూర్చుని చూసి, తర్వాత ఖరారు చేసుకునే ఆనవాయితీ ఏళ్ల తరబడి ఉండేది. దాన్ని 'షాపింగ్' అనేవారు. యేల్ 2021లో ముందస్తు రిజిస్ట్రేషన్‌కు మారింది. హార్వర్డ్ అధ్యాపకులు 2022లో అదే బాటకు ఓటేశారు.
>
> వార్టన్ బిజినెస్ స్కూల్లో ఒకప్పుడు క్లాసులకు వేలంపాట ఉండేది. ఇప్పుడు ఆర్థికవేత్త ఎరిక్ బుడిష్ సిద్ధాంతంతో తయారైన 'కోర్స్ మ్యాచ్' నడుస్తోంది. విద్యార్థులు తమ ఇష్టాలకు మార్కులు వేస్తే కంప్యూటర్ అందరికీ టైమ్‌టేబుల్ కట్టిస్తుంది. వేగంగా క్లిక్ చేసినవాడిదే సీటు అన్న మాట అక్కడ చెల్లదు.
>
> న్యూజెర్సీలోని రట్గర్స్‌లో, నిండిన క్లాసులో సీటు ఖాళీ కాగానే కబురు పంపే 'స్నైపర్' ప్రోగ్రాములను విద్యార్థులే రాసుకున్నారు.

తొలివారం కదలికలు

జులైలో 'క్లోజ్డ్' చూసి కుంగిపోయినవాళ్లకు తెలియాల్సిన సంగతి, ఆ జాబితా ఆగస్టు దాకా కదులుతూనే ఉంటుంది. ఫీజు గడువు దాటగానే కట్టనివాళ్ల సీట్లు కొన్ని యూనివర్సిటీలు రద్దుచేస్తాయి. వీసా రానివాళ్లు డ్రాప్ అవుతారు. సెమిస్టర్ తొలివారం యాడ్-డ్రాప్ సమయంలో, మొదటి క్లాసు విని భయపడ్డవాళ్లు తప్పుకుంటారు. వెయిట్‌లిస్టులో పన్నెండో నంబరు కూడా ఒక్కోసారి తిరుగుతుంది. అయితే సీటు వచ్చిందని మెయిల్ వచ్చాక చాలాచోట్ల ఒప్పుకోవడానికి ఇచ్చేది ఒక్కరోజే. విమానంలో ఉన్నప్పుడో, దిగి సిమ్ కార్డు కోసం తిరుగుతున్నప్పుడో ఆ మెయిల్ వస్తే సీటు వెనక ఉన్నవాళ్లకు వెళ్లిపోతుంది.

అందుకే అనుభవం ఉన్న అడ్వైజర్లు చెప్పేది, తెరిచిన రోజే రిజిస్టర్ అవ్వమని, కానీ అదే ఆఖరి జాబితా అనుకోవద్దని. కోరుకున్నవి రెండు, కోర్సుల గొలుసులో అవసరమైనది ఒకటి, స్టేటస్ నిలబెట్టడానికి చాలినన్ని క్రెడిట్లు. వెయిట్‌లిస్టు క్లాసులు ఆ తొమ్మిదిలోకి రావు. వాటిని నమ్ముకుని ఆరు క్రెడిట్లతో విమానం ఎక్కకూడదు. క్లాసు దొరక్కపోతే ప్రొఫెసర్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాసి, తొలిరోజు వెళ్లి కూర్చుని అడగడం అక్కడ తప్పు కాదు. మన దగ్గర హెచ్ఓడీ గది ముందు గంటలు నిలబడి, లోపలికి వెళ్లాక మాట పెగలని అలవాటు ఉన్నవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. అడిగినవాళ్లందరికీ సీటు వస్తుందనీ కాదు. ప్రొఫెసర్ సరేనన్నా గదిలో కుర్చీలు లేకపోతే అగ్నిమాపక నిబంధన ఒప్పుకోదు.

సెప్టెంబర్ గడిచి అద్దె ఇల్లు, బస్సు, వంట కుదుటపడేసరికి అక్టోబర్ వస్తుంది. చాలా యూనివర్సిటీల్లో స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో తెరుస్తారు. అప్పటికి వీళ్లు పాతవాళ్ల లెక్క, వరసలో ముందు. ఆ వారం మంచి క్లాసుల్లో సీట్లు వీళ్లు నింపేస్తుంటే, జనవరికి రావాల్సిన కొత్త బ్యాచ్ ఇంకా నానక్‌రామ్‌గూడ స్లాటు కోసం ఎదురుచూస్తుంటుంది.